మోకాళ్ల నొప్పులు, ధ్వని ప్రకంపన చికిత్స: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

కంటి శిబిరం, కార్తిక వనభోజనాలు, ఉగాది కవి సమ్మేళనం ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా జతపరిచారు. మిగతా నివేదికంతా మోకాళ్ల గురించే. ఈ ఏడాది సభ్యులు మమ్మల్ని ఎక్కువగా అడిగింది ఆ సంగతే.

ధ్వని ప్రకంపనలతో నొప్పి తగ్గించే కుర్చీ ఒకటి సంఘం నిధులతో కొనాలని గత సర్వసభ్య సమావేశంలో కొందరు కోరారు. అమ్మకందారులు వచ్చి చూపించారు కూడా. కొనేముందు విషయం తెలుసుకుందామని ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి, నెలనెలా మోకాళ్ల తరగతి మొదలుపెట్టాం.

సౌండ్ ట్రీట్‌మెంట్ అని మనం కలిపేసి మాట్లాడుకునేవి నిజానికి వేర్వేరు చికిత్సలు. ఫిజియోథెరపీ క్లినిక్కులో జెల్ రాసి మోకాలి మీద తిప్పేది అల్ట్రాసౌండ్. అది సెకనుకు పది లక్షల సార్లో, అంతకు మించో కంపిస్తుంది కాబట్టి చెవికి వినపడదు. కుర్చీలోనో మంచంలోనో స్పీకర్లు అమర్చి వినిపించేది మరొకటి. 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే మంద్రధ్వనిని ఒంటికి తాకించే ఈ పద్ధతికి రూపమిచ్చినవారు నార్వేకు చెందిన ఓలావ్ స్కిల్లె. ఊరేగింపులో డప్పుల పక్కన నిలబడితే గుండెల్లో అదురు తెలుస్తుంది కదా, అలాంటి అదురే ఇక్కడ నెమ్మదిగా, ఒకే తీరుగా అందుతుంది. అదిరే పలక మీద నిలబడి చేసే వ్యాయామం ఇంకోటి. దానికి ధ్వనితో పనిలేదు.

కుర్చీలో కూర్చుని చూసిన సభ్యుల్లో కొందరు హాయిగా ఉందన్నారు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. నొప్పి ఉన్నచోట రుద్దితే కాస్త ఉపశమనం ఎందుకు కలుగుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం వివరిస్తుంది. స్పర్శను మోసుకెళ్లే నరాల సంకేతాలు వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయి. ప్రకంపన కూడా ఆ దారినే పనిచేయవచ్చు. అయితే అరిగిన గుజ్జు మాత్రం దానివల్ల తిరిగి పెరగదు. అలా పెరుగుతుందని చెప్పి అమ్మేవారి మాట దయచేసి నమ్మకండి. అల్ట్రాసౌండ్ విషయానికొస్తే, ఫలితానికి తగిన ఆధారాలు లేవు కాబట్టి కీళ్ల అరుగుదలకు దాన్ని ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది.

అదే మార్గదర్శకాలు ముందు వరుసలో నిలబెట్టినవి వ్యాయామం, అధిక బరువు తగ్గడం. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో మెస్సియర్ అనే పరిశోధకుడి బృందం లెక్కగట్టింది. అందుకే మన తరగతిలో తొడ కండరాల మీదే దృష్టి పెట్టాం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కాసేపు నిలిపి ఉంచడం, చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడటం, మడత పెట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి నొక్కడం. మొదటి వారాల్లో నొప్పి కాస్త పెరిగిందని మానేసిన అక్కలు, అన్నయ్యలు మళ్లీ రావాలని మనసారా కోరుతున్నాను. మొదట్లో కొద్దిపాటి నొప్పి మామూలే. క్రమం తప్పకుండా కొన్నాళ్లు చేస్తేనే గుణం కనిపిస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా 2019లో 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉందని, వారిలో దాదాపు 60 శాతం స్త్రీలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన తరగతికి మాత్రం మగవారే ఎక్కువగా వస్తున్నారు. ఉదయం వంటపని వల్ల ఆడవాళ్లకు వీలుపడటం లేదు. అందుకని వచ్చే నెల నుంచి సాయంత్రం కూడా తరగతి ఉంటుంది. కింద కూర్చోలేనివారి కోసం చేతుల్లేని గట్టి కుర్చీలు కొన్నాం.

సొంత ఖర్చుతో బయట ప్రకంపన చికిత్స తీసుకోదలచినవారు ముందు తమ డాక్టరును అడగాలి. పేస్‌మేకర్ ఉన్నవారు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు డాక్టరు ఒప్పుకోనిదే అసలు కూర్చోవద్దు. మోకాలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది వట్టి అరుగుదల కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రకంపన కుర్చీ కొనుగోలును విరమించి, ఆ మొత్తాన్ని రెండు పూటలా ఫిజియోథెరపిస్టు గౌరవ వేతనానికి కేటాయించాలని కార్యవర్గం తీర్మానం ప్రతిపాదిస్తోంది. సభ్యులు చర్చించి ఆమోదించవలసిందిగా మనవి.

కార్యదర్శి