బావిగట్టు దగ్గర

అమ్మలూ,

నీ ఫోను వచ్చి ఇవాళ్టికి 19 రోజులు. పనిలో ఉంటావని తెలుసు, ఊరికే రాస్తున్నాను. మామిడి పూత ఈసారి బాగా నిలిచింది. నాన్నగారి మోకాలు కాస్త నెమ్మదించింది. నీ అల్మారా దులుపుతుంటే హాంకాంగ్ నుంచి తెచ్చిన నీ చైనా తత్వశాస్త్రం నోటుపుస్తకాలు కనిపించాయి. సంక్రాంతికి వంటింట్లో పీట మీద కూర్చుని నాకు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి.

గుండెకీ మనసుకీ చైనావాళ్లకు ఒకటే అక్షరమని చెప్పావు, గుర్తుందా? మంచిచెడ్డలు పుట్టుకతోనే తెలిసే ఎరుకను ఫెంగ్ యూలాన్ అనే తత్వవేత్త 'ఉందని అనుకునేది' అంటే, ఇంకో తత్వవేత్త షియుంగ్ షిలీ ఒప్పుకోలేదన్నావు. అనుకోవడమేమిటి, అది ఉన్నదే, ఎదుట నిలిచేదే అన్నాడట. పక్కనుండి విన్న ఆయన శిష్యుడు, కుర్రాడు మౌ జొంగ్‌సాన్ ఆ మాటను జీవితాంతం వదల్లేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ పుస్తకాలను చైనా భాషలోకి తెచ్చి మరీ కాంట్‌తో వాదించాడు.

మొన్న అత్తయ్య ఒక మాట అంది. నువ్వు బావతో 'మనిషిలో అలాంటిదేమీ లేదు, అదంతా వట్టిది, మానేస్తున్నాను' అన్నావట. అత్తయ్య మాటలు నీకు తెలుసు కదా, నేను పట్టించుకోలేదు.

బిడ్డ బావిలో పడబోతుంటే ఎవరి గుండైనా గుభేలుమంటుందన్నాడే ఆ పాతకాలపు చైనా గురువు మెన్షియస్. కన్నవాళ్ల స్నేహం కోసం కాదు, ఊళ్లో పేరు కోసం కాదు, ఏడుపు వినలేక కాదు అన్నాడు. నీకు మూడో ఏడు. పడమటి ప్రహరీ గొడవలో పక్కింటి పెద్దాయనతో మనకు మాటల్లేవు, కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. మధ్యాహ్నం నేను పప్పు రుబ్బుతున్నాను. నువ్వు చేద అందుకోవాలని బావిగట్టెక్కావు. తలెత్తేసరికి నీ ఎర్ర గౌను అంచు, రెండు అరికాళ్లు కనిపించాయి. నా అరుపు గొంతు దాటలేదు. ఆయన అవతల తమలపాకు తీగకు నీళ్లు పోస్తున్నారు. గోడ మీద గాజుపెంకులు మనం పెట్టించినవే. వాటి మీద చెయ్యేసి దూకి, నీ గౌను పట్టుకుని లాగారు. నీ వీపంతా ఆయన నెత్తురు. నిన్ను నా ఒళ్లో పడేసి, నా ముఖమైనా చూడకుండా వీధి గుమ్మంలోంచి వెళ్లిపోయారు. మర్నాడు చేతికట్టుతోనే వాయిదాకి వచ్చారు, నాన్నగారితో మాట్లాడలేదు. కేసు ఇంకో నాలుగేళ్లు నడిచింది.

అక్కడ నీతో ఎవరైనా కఠినంగా ఉన్నారా? గైడుతో ఏమైనా వచ్చిందా? 1958లో మౌ, మరో ముగ్గురు తత్వవేత్తలూ కలిసి చైనా సంస్కృతి గురించి ప్రకటన రాసింది కూడా దేశం విడిచి వెళ్లిపోయాకే కదా. ఈ మనసు చదువే మా నాగరికతకు వేరు, ఇంకా బతికే ఉంది అన్నారు. నువ్వు మెన్షియస్‌ను కాదన్న పాత గురువు షున్‌జీ వైపు వెళ్లినా నాకు బాధ లేదు. మనిషి పుట్టుకే చెడ్డదన్న ఆయన కూడా, వంకర కర్రను ఆవిరి పట్టి బిగిస్తే చక్కనవుతుందనే చెప్పాడు. మనిషిని ఆయనా వదిలెయ్యలేదు. నువ్వు మాత్రం నిన్ను మెన్షియస్ చెప్పిన ఆ చెట్లు నరికేసిన బోడి ఎద్దుకొండ చేసుకోకు. పగలంతా గొడ్డళ్లు పడ్డా, పశువులు మేసినా, రాత్రి గాలికి మళ్లీ చిగుళ్లు వస్తాయన్నాడు కదా మెన్షియస్. రాత్రి మూడింటిదాకా లైటు వేసుకుని కూర్చుంటే ఆ గాలి ఎక్కణ్ణుంచి తగులుతుంది? పదకొండుకల్లా పడుకో. తలకి నూనె పెట్టుకో.

కందిపొడి, గోంగూర పచ్చడి పంపాను. పచ్చడి సీసా మూత చుట్టూ గుడ్డ కట్టాను, నూనె కారిందేమో చూడు. అందిందని ఒక్క ముక్క రాయి. ఎన్నింటికైనా సరే, ఫోను దిండు పక్కనే పెట్టుకుంటున్నాను.

అమ్మ