రాజ్యం వచ్చింది, ఖజానా రాలేదు: తండా పంచాయతీల నిధులపై బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందలు, ఆపై జనాభా ఉన్న తండాలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలోని మా పంచాయతీ కూడా అలా ఏర్పడిందే. ‘మా తండాలో మా రాజ్యం’ అని ఏళ్ల తరబడి అడిగింది దక్కినందుకు ఇప్పటికీ సంతోషమే గానీ, రాజ్యం వెంట ఖజానా రాలేదు.

రాష్ట్ర ప్రభుత్వ గ్రామాభివృద్ధి కార్యక్రమం పల్లె ప్రగతిలో అందరితోపాటు మాకూ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ వచ్చాయి. వచ్చిన డబ్బులో ముందు ట్రాక్టర్ కిస్తీ, తర్వాత కరెంటు బిల్లు, ఏమైనా మిగిలితే డీజిల్. ఒక వేసవిలో బోరు మోటారు కాలిపోయింది. ట్యాంకర్ ఉంది, ట్రాక్టర్‌లో డీజిల్ లేదు. కార్యదర్శి తన జేబులోంచి అయిదు వందలు తీసి కుర్రాణ్ణి బంకుకు పంపారు. ఆ డబ్బు ఆయనకు తిరిగి వచ్చిందా అని అడగడానికి మాకు మొహం చెల్లలేదు.

కేంద్ర నిధుల పంపకాన్ని సిఫార్సు చేసే 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంటును రాష్ట్రాలకు పంచేటప్పుడు జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. పంచాయతీ దాకా వచ్చేసరికి కూడా ప్రధాన కొలమానం జనాభాయే. తలకింత అని పంచితే న్యాయంగానే కనబడుతుంది గానీ, ఆరు వందల మంది ఉన్నా ఆరు వేల మంది ఉన్నా ట్రాక్టర్ కిస్తీ ఒక్కటే, పైగా విసిరేసినట్టుండే మా ఇళ్లకు పైపులైను ఇంకా పొడవు కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల పంచాయతీలకు లేఅవుట్ ఫీజులు, ఇళ్ల అనుమతుల ఫీజులు, రిజిస్ట్రేషన్లపై బదిలీ సుంకంలో వాటా ఉంటాయి; ఆ డబ్బుతో రోడ్లు పడతాయి, రోడ్లు పడినచోట ప్లాట్లు అమ్ముడవుతాయి, ఆదాయం మళ్లీ పెరుగుతుంది. మా దగ్గర భూమి చేతులు మారేదే అరుదు, మారినా చాలాసార్లు సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీదే. ఇంటి పన్ను నూటికి నూరు పాళ్లు వసూలైనా ఒక్క పారిశుద్ధ్య కార్మికుడి ఏడాది జీతానికి చాలదు.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పాలకవర్గాలు లేక కేంద్ర గ్రాంటు నిలిచిపోయినప్పుడు, సొంత రాబడి ఉన్న ఊళ్లు ఎలాగో నెట్టుకొచ్చాయి. మా వీధిలో మాడిన బల్బులు మాడినట్టే ఉండిపోయాయి.

16వ ఆర్థిక సంఘం కాలం 2026-27తో మొదలు కాబట్టి, పంచాయతీలకు నిధుల పంపిణీ సూత్రాన్ని మార్చాలని కోరుతున్నాను. కిస్తీ, కరెంటు, కార్మికుల జీతాలకు సరిపడే కనీస మొత్తాన్ని జనాభాతో నిమిత్తం లేకుండా ప్రతి పంచాయతీకీ ముందు కేటాయించి, మిగిలినదాన్ని సొంత ఆదాయం తక్కువున్న చోట ఎక్కువ వచ్చేలా పంచాలి. ఆ లెక్క వేసేముందు ఏదైనా ఒక తండా పంచాయతీ ఏడాది క్యాష్‌బుక్ తెప్పించుకుని చూడాలని మనవి. మాది చూస్తామంటే సర్పంచ్ గారితో మాట్లాడి నేనే పట్టుకొస్తాను.

భవదీయుడు,
ఒక తండా వాసి, నాగర్‌కర్నూల్ జిల్లా