మా బగ్గీ స్టీరింగ్ సమస్య తీరింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నడిపే 1/8 స్కేల్ రిమోట్ కంట్రోల్ ఎలక్ట్రిక్ బగ్గీ (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజు బొమ్మ కారు) స్టీరింగ్ గురించి అడిగినప్పుడు, ఎవరి పనులు వాళ్లకున్నా ఇంతమంది తీరిక చేసుకుని జవాబిచ్చారు. ఫోన్లో ఒక్కొక్కరికీ థ్యాంక్స్ చెప్పాను గానీ మనసుకి సరిపోలేదు. ఎవరు ఏం చెప్పారో, దాంతో ఏం తేలిందో అందరి ముందూ చెప్పాలనిపించింది.

బండి 4ఎస్ లైపో మీద, అంటే నాలుగు సెల్స్ వరసగా ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ మీద నడుస్తుంది. బరువు మూడు కిలోల పైనే. అంత బండికి మట్టిలో చక్రాలు తిప్పాలంటే గట్టి సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) ఉండాలని 35 కిలోల బలమున్న హై వోల్టేజ్ సర్వో వేశాం, 6 నుంచి 8.4 వోల్టుల దాకా తీసుకునే రకం. బండి ఆగి ఉండగా చక్రాలను ఈ చివరి నుంచి ఆ చివరికి విసురుగా తిప్పితే చాలు, రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునే డబ్బా) లైటు ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగేది. అదే మలుపులో జరిగితే ఆ క్షణం బండి ఎవరి మాటా వినదు. చుట్టూ చిన్నపిల్లలు నిలబడి చూస్తుంటారు, నాకు ఆ టెన్షనే ఎక్కువ. అడిగినచోటల్లా రిసీవర్ మార్చమనో, సర్వో వాపసు పంపమనో చెప్పారు.

ముందుగా విశాఖ అన్నకి నా నమస్కారాలు. ఏదీ కొనొద్దు, ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) లోపలి బీఈసీ ఎంత ఇస్తుందో కాగితం తీసి చూడమన్నది ఆయనే. పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కీ సర్వోకీ పంచే చిన్న సర్క్యూటే బీఈసీ. మా దాంట్లో అది 6 వోల్టులు, 3 ఆంపియర్లు, పెంచుకునే వీలు లేదు. సర్వోనేమో చక్రాలు బిగుసుకున్నప్పుడు 5 ఆంపియర్ల పైనే లాగుతుంది. "బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది చూడు, అదే ఇది. ఇక్కడ బల్బు మీ రిసీవర్" అన్నారు. రెండు ముక్కల్లో విషయమంతా అర్థమైపోయింది.

కానీ మల్టీమీటర్ పెట్టి చూస్తే 6 వోల్టులు కదలకుండా చూపించింది. ఇక్కడ ఆదుకున్నది మా కాలనీలోనే ఉండే మాస్టారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. తన డిజిటల్ స్కోప్ (వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం) డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ప్రోబ్ తగిలించి, మా అమ్మాయిని స్టీరింగ్ తిప్పమన్నారు. తెర మీద తిన్నగా పోతున్న గీత ఒక్కసారి నిలువునా 4 వోల్టుల కిందికి దిగి మళ్లీ లేచింది. "మీటరు సగటు చూపిస్తుంది బాబూ. రిసీవర్‌కి సగటుతో పనిలేదు, ఈ గుంటలో అది పడిపోతోంది" అన్నారు. ఆ గీతను కళ్లతో చూశాక మిగతా అనుమానాలన్నీ పోయాయి.

కోఠి గుజరాతీ గల్లీలో షాపు భాయ్‌కి కూడా థ్యాంక్స్. ఆ గుంట పూడ్చడానికి, కాస్త కరెంటు దాచుకుని అవసరానికి అందించే 4700 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ అడిగితే, దేనికో కనుక్కుని, మామూలు రకం పక్కన పెట్టి, లో ఈఎస్ఆర్ రకం (లోపలి నిరోధం తక్కువగా ఉండేది) కోసం డబ్బాలన్నీ వెతికి ఇచ్చారు. రిసీవర్‌లో ఖాళీ ఛానల్‌కి పెట్టాక గుంట కాస్త పూడింది, పూర్తిగా పోలేదు. ఎందుకు పోదో మాస్టారు కాగితం మీద లెక్క కట్టి చూపించారు: 5 ఆంపియర్లు లాగుతుంటే ఆ కెపాసిటర్ ఒక్క వోల్టు దిగిపోవడానికి మిల్లీసెకను కూడా పట్టదు. కెపాసిటర్ ఒక్కటి పెట్టుకుని సరిపెట్టుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఇక డల్లాస్‌లో ఉండే తమ్ముడు. అక్కడ అర్ధరాత్రి దాటినా వీడియో కాల్ పెట్టేయకుండా వైరు వైరూ చూపించాడు. 6ఎస్ దాకా తట్టుకునే, 10 ఆంపియర్ల బయటి బీఈసీ తీసుకోమన్నాడు. మా 4ఎస్ నిండుగా ఛార్జ్ అయితే 16.8 వోల్టులు కాబట్టి దానికి అది సులువు. మామూలుగా ఈ బీఈసీని రిసీవర్‌లోకి పెట్టి, ఈఎస్సీ నుంచి వచ్చే ఎర్ర వైరు తీసేస్తారు, రెండు బీఈసీలు ఒకే లైనులో తలపడకుండా. తమ్ముడు ఇంకో దారి చెప్పాడు. సర్వోకి కరెంటు బయటి బీఈసీ నుంచి నేరుగా ఇవ్వాలి. రిసీవర్ నుంచి సర్వోకి సిగ్నల్, నెగటివ్ వైర్లు మాత్రమే వెళ్లాలి, ఎర్రది వెళ్లకూడదు. రిసీవర్, కూలింగ్ ఫ్యాన్ పాత 6 వోల్టుల మీదే ఉంటాయి. మా ఫ్యాన్ 6 వోల్టులదే, పైగా రిసీవర్‌లోని సన్నటి పిన్నుల గుండా అంత కరెంటు పంపే అవసరం ఉండదు. నాకు ఈ దారే నచ్చింది. నెగటివ్ మాత్రం అన్నిటికీ కలిసే ఉండాలని పదేపదే చెప్పాడు.

బయటి బీఈసీని 8.4 వోల్టులకి పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. సర్వోకి అది ఆఖరి హద్దు. 7.4 దగ్గర ఆపితే బలం సరిపడా ఉంటుంది, వేడి తగ్గుతుంది అన్న తమ్ముడి మాటే పాటించాం. సర్వో తగిలించే ముందు బీఈసీ నుంచి నిజంగా 7.4 వస్తోందా అని మీటరుతో చూశాకే ముందుకెళ్లాం.

4ఎస్ బ్యాలెన్స్ ప్లగ్ (ఒక్కో సెల్ నుంచి విడిగా వైరు వచ్చే చిన్న ప్లగ్) నుంచి రెండు సెల్స్ మాత్రం తీసుకుని సర్వోకి ఇచ్చేద్దామని ఒకరు సలహా ఇచ్చినప్పుడు మాస్టారు గట్టిగా ఆపారు. ఆ రెండు సెల్స్ మిగతావాటికన్నా ముందే అయిపోతాయి, లైపోకి అది మంచిది కాదు. అందుకూ ఆయనకి రుణపడి ఉన్నాను.

సోల్డరింగ్ అంతా మా అమ్మాయే చేసింది, మాస్టారు పక్కన కూర్చుని చెబుతుంటే. ష్రింక్ ట్యూబ్ (అతుకు మీద వేసే, వేడికి బిగుసుకునే గొట్టం) వేయడం మర్చిపోతుందేమోనని ఆయనే ముందుగా వైరుకి ఎక్కించి పెట్టారు. మళ్లీ స్కోప్ పెట్టి చూస్తే రిసీవర్ లైను గీత గీసినట్టు తిన్నగా ఉంది, సర్వో లైను అర వోల్టు కూడా దిగలేదు. ట్రాక్ మీద చక్రాలు చెప్పిన క్షణంలో తిరుగుతున్నాయి, లైటు ఆరడం లేదు. ఒక బ్యాటరీ ప్యాక్ అయ్యేదాకా నడిపి ముట్టుకుంటే బీఈసీ గోరువెచ్చగా ఉంది, అంతే.

అన్నా, మాస్టారూ, భాయ్, తమ్ముడూ, మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ తరఫున కృతజ్ఞతలు. వైరింగ్ బొమ్మ మా అమ్మాయి నీట్‌గా గీసిపెట్టింది, కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను. హైదరాబాద్‌లో ఎవరి బండికైనా ఇలాగే లైటు ఆరిపోతుంటే తీసుకురండి. స్కోప్ మీద చూడటానికి మాస్టారు సరేనన్నారు, ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటారు.