ధవళేశ్వరాన్ని దగ్గరుండి నడిపించి చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రాజమండ్రి చరిత్ర అనగానే అందరూ రాజరాజ నరేంద్రుడు, కందుకూరి వీరేశలింగం గారు, హేవలాక్ వంతెన అని చెప్పి ఊరుకుంటారు, అవన్నీ గొప్పవే కాదనను, కానీ ఊరి శివార్లలో ఉన్నది ఎవరికీ పట్టదు. ధవళేశ్వరం సంగతే చూడండి, అమలాపురం బస్సెక్కినోళ్ళు బ్యారేజీ మీద కిటికీలోంచి గోదారిని చూసి ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, కిందకి దిగి నడిచేవాళ్ళు ఎంతమంది ఉంటారు? వరదలొస్తే మాత్రం టీవీలో రోజంతా ఆ పేరే, నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది ఏటి మధ్యనున్న మా లంక ఊళ్ళల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు.

మొన్న మే నెలలో, ఇక్కడ గోదారికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర పుట్టినరోజు వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, రిటైరైన మాస్టారొకరు కొంతమందిని ధవళేశ్వరం అంతా నడిపించి చూపించారు. టికెట్ లేదు మైకు లేదు, ఆయన చెప్తుంటే మేం వెనకాల నడవడమే. నేను ఈ జిల్లాలోనే పుట్టి పెరిగాను, అయినా సగం సంగతులు అప్పుడే వినడం.

ముందు కొండ దగ్గర ఆపారు. పైన జనార్దనస్వామి గుడి ఉంది, అది అందరికీ తెలుసు, కానీ ఆనకట్టకి రాయి ఈ కొండల్లోంచే తీశారని, ఆ రాయిని ఏటి ఒడ్డుకి చేర్చడానికి ఇక్కడ రైలు పట్టాలు వేశారని ఎంతమందికి తెలుసు? 1853లో బొంబాయి నుంచి ఠాణాకి ప్రయాణికుల రైలు నడిచిందని బళ్ళో చదువుకున్నాం కదా, ఈ పట్టాలు అంతకంటే ముందువి అండీ. ఇంత పెద్ద సంగతికి అక్కడ మాకు ఒక్క బోర్డు కూడా కనబళ్ళేదు.

తర్వాత గట్టు మీద నిలబెట్టి ఆనకట్ట ఇక్కడే ఎందుకు కట్టారో చెప్పారు. గోదారి ఇక్కడినుంచే పాయలుగా చీలుతుంది, మధ్యలో లంకలున్నాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు, రాయి పక్కనే దొరుకుతుంది. కింద పునాదికి గట్టి రాతి నేల లేదు, అంతా ఇసకే. ఇసక మీద ఆనకట్ట నిలబడుతుందన్న ధైర్యం కాటన్‌కి తంజావూరు వైపు చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూశాక వచ్చిందట. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. అంతకుముందు ఈ జిల్లా ఎలా ఉండేదో కూడా చెప్పారు, కరువులు తుపాన్లు వరసగా వచ్చి 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేల దాకా ఉన్న జనం 1841కి అయిదు లక్షల అరవై వేలకి పడిపోయారంట. అది విన్నాక ఎవరూ కాసేపు మాట్లాళ్ళేదు.

నాకు బాగా గుచ్చుకుంది వీణెం వీరన్న గారి సంగతి. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన డెల్టాలో వెతకాలి, ఆయనకి తర్పణం వదిలేవాళ్ళు కూడా ఉన్నారు, అది న్యాయమే. కానీ వేలమంది కూలీల్ని పోగుచేసి, వాళ్ళని నిలబెట్టి పని నడిపించిన మన వీరన్న గారి పేరు మా బ్యాచ్‌లో కాలేజీ పిల్లలెవరూ వినలేదు! ఇక రాళ్ళు మోసిన ఆ వేలమంది పేర్లు ఎక్కడా లేనే లేవు.

చివరికి లాకుల దగ్గర కూర్చున్నాం. ఒకప్పుడు సరుకంతా ఈ కాలవ మీదే పడవల్లో కాకినాడ దాకా వెళ్ళేది, రెండు తలుపుల మధ్య పడవని ఆపి నీళ్ళు వదిలితే పడవ మెల్లిగా దిగుతుంది, అటునుంచి వస్తే ఎక్కుతుంది, మోటారు అక్కర్లేదు. మాతో వచ్చిన పెద్దాయన ఒకాయన ఈ లాకు తలుపులు తిప్పే లస్కరుగా చేసి రిటైరయ్యారు, తలుపు ఎంత తిప్పాలో ఎప్పుడు ఆపాలో చేతుల్తో చేసి చూపించారు. ఇక్కడి కాటన్ మ్యూజియంలో నమూనాలున్నాయి, చూడాల్సిందే, కానీ ఆ పెద్దాయన చెప్పినట్టు ఏ నమూనా చెప్తుంది?

అందుకే మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్లకి రోడ్లకి ఖర్చు పెడతారు, పెట్టాలి కూడా, అందులోనే కొంచెం తీసి ధవళేశ్వరంలో కొండ దగ్గర, లాకుల దగ్గర, బ్యారేజీకి ముందున్న పాత ఆనకట్ట కనిపించే చోట తెలుగులో బోర్డులు పెట్టించండి, వాటిల్లో వీరన్న గారి పేరుండాలి, కూలీల సంగతి ఉండాలి. ఇలాంటి నడకలు నెలకోసారైనా పెట్టి హైస్కూలు పిల్లల్ని తీసుకురండి. పాత లస్కర్లు, పడవవాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్ళు చెప్పేది ఎవరైనా ఫోన్లో రికార్డు చేసినా చాలు, అది మాత్రం పుష్కరాల దాకా ఆగకూడదు, వాళ్ళంతా పెద్దవాళ్ళు. మాస్టారు ఈసారి బ్యారేజీ దాటి విజ్జేశ్వరం వైపు నడిపిస్తానన్నారు, పశ్చిమ డెల్టా కాలవ మొదలయ్యేది అక్కడే, మీ విలేకరుల్లో ఎవరినైనా పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం