వార్షిక నివేదిక: ఎడారి రాళ్లలో నీటి జాడ

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మన పెద్దాయన ఒకరు లేచి అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. "ఏటా యూటా, అరిజోనా వెళ్తున్నాం, ఫొటోలు దిగి వస్తున్నాం. ఆ రాళ్లు అలా ఎందుకున్నాయో మనలో ఎంతమందికి తెలుసు?" అన్నారాయన. లేచిన చేతులు తక్కువ. లేచినవాళ్లలో కూడా ఎక్కువమంది చెప్పింది గాలి కోసేసిందనే. నేనూ అప్పటిదాకా అలాగే అనుకునేవాణ్ణి. ఆ రోజే కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఈ ఏడాది యాత్రలన్నీ ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్లాలి: ఈ ఎడారిని చెక్కింది ఎవరు? కార్యదర్శిగా నేను రాస్తున్న ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికి దొరికిన జవాబే.

మనం తిరిగిన చోట్లన్నీ కొలరాడో పీఠభూమిలోనివి. అమెరికాలో యూటా, కొలరాడో, అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసే చోట చుట్టూ పరుచుకున్న ఎత్తైన నేల ఇది. ఇక్కడి రాళ్లు సముద్రాల అడుగున, ఏటి ఒండ్రుగా, ఇసుక తిన్నెలుగా పొర మీద పొరగా పేరుకున్నాయి. ఆ తర్వాత నేలంతా కిలోమీటరుకు పైగా పైకి లేచింది. అంత లేచినా చాలా చోట్ల పొరలు పెద్దగా చెదరలేదు. నేల లేచేసరికి నదులకు వాలు పెరిగింది, వేగం పెరిగింది, లోతుగా కోయడం మొదలుపెట్టాయి. వానలు తక్కువ కాబట్టి చెట్టూ చేమా రాతిని కప్పెయ్యలేదు. భూమి చరిత్ర ఇంత బాహాటంగా కనబడే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

మొదటి యాత్ర వసంతంలో, యూటాలోని ఆర్చెస్ నేషనల్ పార్కుకు. అక్కడ లెక్కకెక్కిన శిలాతోరణాలే 2,000కు పైగా ఉన్నాయి. ఒక్క చోటే ఇన్ని ఎందుకు పుట్టాయన్నది మా మొదటి పాఠం. దీనికంతటికీ మూలం ఉప్పు అని తెలిసినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట అక్కడికి సముద్రం వచ్చి నిలిచేది, ఎండేది, మళ్లీ వచ్చేది. ఎండినప్పుడల్లా ఉప్పు మిగిలింది. అలా కొన్ని చోట్ల వేల అడుగుల మందాన ఉప్పు పేరుకుంది. దాని మీద తర్వాతి కాలాల ఒండ్రు, ఇసుక పడి రాయిగా గట్టిపడ్డాయి. పైన అంత బరువు పడితే ఉప్పు రాయిలా నిలవదు, అరచేతి కింద నొక్కిన పిండిలా మెల్లగా పక్కకు జరుగుతుంది, దారి దొరికిన చోట పైకి ఉబుకుతుంది. ఆ ఉబుకుకు పైనున్న ఇసుకరాయి వరసగా, ఒకదాని పక్కన ఒకటిగా పగుళ్లు తీసింది. భూగర్భ జలం ఉప్పును కరిగించిన చోట పైనేల కుంగింది, పగుళ్లు ఇంకా తెరుచుకున్నాయి.

ఇక ఆ పగుళ్లలోకి వాన నీరు, మంచు నీరు దిగాయి. వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. ఇసుక రేణువులను పట్టి ఉంచే సున్నపు జిగురును అది కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. చలికాలంలో అదే నీరు గడ్డకట్టి పగులును వెడల్పు చేస్తుంది. పగుళ్లు సందులయ్యాయి, సందుల మధ్య చేప వీపు మీద రెక్కల్లా సన్నటి రాతిగోడలు నిలబడ్డాయి. గోడ అడుగున మెత్తటి పొర ఉన్న చోట ముందు చిన్న గుంట పడింది, గుంట అవతలికి తెరుచుకుంది, పైనుంచి పలకలు రాలుతూ రాలుతూ తోరణం మిగిలింది.

ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ అనే తోరణం దగ్గర మేం చాలాసేపు కూర్చున్నాం. దాని వెడల్పు సుమారు 88 మీటర్లు. అంత పొడవు రాయి, నడుమ దగ్గర అంత సన్నగా గాలిలో ఎలా నిలిచిందో చూస్తుంటే గుండె చిక్కబట్టుకోవాల్సిందే. 1991లో దాని కింది భాగం నుంచి సుమారు 18 మీటర్ల పొడవున్న పలక ఊడిపడింది. ఇప్పుడు దాని కిందికి ఎవరినీ వెళ్లనివ్వరు. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ అనే ఇంకో తోరణం పూర్తిగా కూలిపోయింది. మనం చూస్తున్నది పూర్తయిన శిల్పం కాదు, ఇంకా ఉలి ఆడుతున్న రాయి. ఈ మాట మాతో వచ్చిన పదో తరగతి పిల్ల అన్నది, అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆ యాత్రలోనే ఒక తప్పు జరిగింది, దాచకుండా రాస్తున్నాను. ఫొటో కోసం మనలో కొందరు దారి దిగి నల్లగా, గరుకుగా ఉన్న మట్టి మీద నడిచారు. అది ఉత్త మట్టి కాదు. కంటికి కనబడని సయనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లిన పొర అది. ఇసుక ఎగిరిపోకుండా, వాన చుక్క ఇంకేలా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగుతో చితికింది మళ్లీ అల్లుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అప్పట్నుంచి ప్రతి యాత్ర ముందూ పది నిమిషాలు దీని గురించే చెబుతున్నాం. ఆ తర్వాత ఎవరూ దారి దిగలేదు.

శరదృతువులో యూటాలోని బ్రైస్ కాన్యన్, జయాన్ పార్కులు రెండూ ఒకే యాత్రలో చూశాం. బ్రైస్‌ను కాన్యన్ అంటారు గానీ, నది కోసిన లోయ కాదది, పీఠభూమి అంచు తరిగి ఏర్పడ్డ పెద్ద పెద్ద గిన్నెల వరుస. ఆ గిన్నెల నిండా హూడూలు అనే రాతి స్తంభాలు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి సరస్సులు, ఏర్లు వదిలిన సున్నపు ఒండ్రు ఆ రాయి. ఎత్తు 2,400 మీటర్లు దాటడంతో అక్కడ ఏడాదిలో సుమారు 180 రోజులు పగలు మంచు కరిగి రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పగుల్లో ఇరుక్కున్న నీటికి ఆ 9 శాతం చాలు. రాతిని చీల్చడానికి ప్రకృతి అక్కడ వాడుతున్న మేకు అదే. గట్టి పొర టోపీలా పైన మిగిలిన చోట కింద స్తంభం నిలుస్తుంది, టోపీ పోతే స్తంభమూ పోతుంది. ఆ స్తంభాలు ఒకప్పుడు మనుషులేననీ, చెడ్డ నడవడికి రాళ్లైపోయారనీ అక్కడి పయూట్ ప్రజలు చెప్పుకునే కథ. సాయంత్రపు వెలుగులో, గుంపుగా నిలబడి మన వైపే చూస్తున్నట్టుండే ఆ రాళ్ల ముందు ఆ కథ విన్నప్పుడు పిల్లలు మాట్లాడటం మానేశారు.

జయాన్‌లో మాత్రం గాలి అన్నవాళ్లకు న్యాయం జరిగింది. అక్కడి 'నవాహో ఇసుకరాయి' అనే పొర కొన్ని చోట్ల 2,000 అడుగులకు పైగా మందం. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా సహారాలాంటి ఇసుక తిన్నెలు. కొండ గోడల మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి నరుక్కుంటూ కనబడే గీతలన్నీ ఆ తిన్నెల వాలులే. గాలి ఎటు నుంచి వీచిందో వాటిని చూసి చెప్పవచ్చు. అంటే గాలి ఇసుకను తెచ్చి పోసింది, తర్వాత అది రాయైంది, ఆ రాయిని వర్జిన్ నది కోసింది. ఇద్దరి పనీ ఉంది, ఎవరి పని వారిది.

ఏడాది మొత్తంలో నా మనసులో ముద్ర వేసింది ఒక చిన్న ఊట. జయాన్ లోయలో నది పక్క దారి వెంట గోడ మీద పచ్చగా ఫెర్న్ మొక్కలు వేలాడుతున్నాయి, వాటి నుంచి చుక్కలు కారుతున్నాయి. పైన పీఠభూమి మీద పడిన వాన ఇసుకరాయిలో రేణువుల మధ్య నుంచి దిగుతూ దిగుతూ, నీటిని దిగనివ్వని పొర అడ్డం రాగానే పక్కకు తిరిగి ఇలా గోడలోంచి బయటపడుతుంది. ఆ ప్రయాణానికి వెయ్యేళ్లకు పైనే పడుతుందట. మనతో వచ్చిన ఒక అమ్మమ్మగారు ఆ నీటిని వేళ్లతో తాకి కళ్లకు అద్దుకున్నారు.

ఆగస్టులో వేసుకున్న ఆంటెలోప్ కాన్యన్ యాత్ర రద్దు చేశాం. అప్పుడు కొందరు సభ్యులకు కోపం వచ్చింది కాబట్టి కారణం పూర్తిగా రాస్తున్నాను. అది అరిజోనాలో, ఇసుకరాయిలో కొన్ని అడుగుల వెడల్పే ఉన్న లోతైన సందు, ఎగువ, దిగువ అని రెండు భాగాలు. ఆ నున్నటి వంపులన్నీ హఠాత్తుగా వచ్చే వరద నీరు, అది మోసుకొచ్చే ఇసుక కలిసి ఒరిసినవి. అక్కడి ఆదివాసులైన నవాహోల భాషలో ఎగువ సందు పేరుకు అర్థమే 'రాళ్ల మధ్యగా నీరు పారే చోటు'. 1997 ఆగస్టు 12న మైళ్ల దూరాన ఎగువన కురిసిన వాన దిగువ సందులోకి ఒక్కసారిగా వచ్చి 11 మంది సందర్శకుల ప్రాణాలు తీసింది. సందు ఉన్న చోట మాత్రం పెద్దగా వాన పడలేదు. ఇప్పుడు స్థానిక గైడ్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. మేం బయల్దేరాల్సిన రోజుకు ఆకస్మిక వరద హెచ్చరిక ఉంది. పిల్లలతో వెళ్తున్నాం, ఆ టెన్షన్ ఎవరూ పెట్టుకోకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది. మళ్లీ అలాంటి హెచ్చరిక వస్తే మళ్లీ అదే చేస్తాం.

చలికాలంలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌కు, అంటే రాయిగా మారిన అడవికి వెళ్లాం. అక్కడా నీరే. 20 కోట్ల ఏళ్లకు పూర్వం ఏర్లు మోసుకొచ్చిన మానులు బురదలో, అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయాయి. బూడిదలోని సిలికా భూగర్భ జలంలో కరిగి చెక్కలోకి ఇంకి, చెక్క ఉన్న చోట క్వార్ట్జ్ అనే గట్టి రాయిగా మారింది. ఇనుము, మాంగనీస్ వల్ల ఎరుపు, పసుపు, నలుపు రంగులు. దుంగలు రంపంతో కోసినట్టు తుండ్లుగా ఉంటే ఎవరు కోశారని అందరూ అడిగారు. ఎవరూ కోయలేదు. క్వార్ట్జ్ పెళుసు, నేల కదిలినప్పుడు అలా విరిగాయి.

అక్కడ ఏడేళ్ల బాబు ఒకడు చిన్న ముక్క జేబులో వేసుకున్నాడు. కారెక్కే ముందు వాడే తల్లికి చెప్పాడు. ఇద్దరూ వెనక్కి నడిచి ఎక్కడ తీశాడో సరిగ్గా అక్కడే పెట్టి వచ్చారు. ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఆ పార్కు నుంచి ముక్కలు పట్టుకెళ్లి, తర్వాత మనసు ఒప్పక క్షమాపణ ఉత్తరంతో తిప్పి పంపేవాళ్లు చాలామంది. ఏ ముక్క ఎక్కడిదో తెలియదు కాబట్టి పార్కువాళ్లు వాటిని మళ్లీ స్థానంలో పెట్టలేరు, శాస్త్రజ్ఞులకూ అవి పనికిరావు. విడిగా ఒక కుప్పగా పోసి ఉంచారు. ఆ బాబు ముక్క ఆ కుప్పలో చేరలేదు.

నెలనెలా ఆన్‌లైన్ పాఠాలు ఆగకుండా జరిగాయి. పిల్లల ప్రయోగాల్లో అందరికీ నచ్చింది ఫ్రీజర్‌లో పెట్టిన ప్లాస్టిక్ సీసా. నిండా నీళ్లు పోసి మూత బిగించి పెడితే తెల్లారేసరికి ఉబ్బి చీలింది. సున్నపురాయి మీద వెనిగర్ చుక్క వేసి పొంగు రావడం కూడా చూశారు. ఇవి ఇంటి దగ్గర చేసేవే. పార్కుల్లో రాళ్ల మీద ఏమీ పోయకూడదు, గీయకూడదు.

లెక్కల పత్రం కోశాధికారి విడిగా పంపుతున్నారు. ఇక్కడ ఒక్క విషయం. శరదృతువు యాత్రకు మాట్లాడుకున్న బస్సు సంస్థ ముందు రోజు రాత్రి రాలేమని చెప్పింది. అప్పటికప్పుడు సభ్యులు తమ కార్లు తీసి యాత్రను నిలబెట్టారు, వాళ్లందరికీ కృతజ్ఞతలు. అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు, అడుగుతూనే ఉన్నాం. నేషనల్ పార్కులకు వార్షిక పాస్ ఉంది కాబట్టి తరచూ వచ్చేవాళ్లు అది తీసుకోవడం మేలు. ఆంటెలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ మాత్రం నవాహో నేషన్ అనే ఆదివాసుల స్వపాలన ప్రాంతానివి, ఆ పాస్ అక్కడ చెల్లదు, అక్కడి రుసుము విడిగా కట్టాలి.

వచ్చే ఏడాది మొదటి యాత్ర గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుకు. అక్కడ 'ట్రెయిల్ ఆఫ్ టైమ్' అనే చదునైన బాట ఉంది. ఒక్కో మీటరు నడిస్తే పది లక్షల ఏళ్లు దాటినట్టు, దారి పొడవునా ఆయా కాలాల రాళ్లు పెట్టారు. మోకాళ్ల నొప్పులని ఈ ఏడాది ఇంట్లో ఉండిపోయిన పెద్దలు కూడా నడవగల బాట అది, అందుకే దాన్ని ఎంచుకున్నాం. లోయ అడుగున విష్ణు షిస్ట్ అనే 170 కోట్ల ఏళ్లు పైబడిన రాయి మీద సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి ఇసుకరాయి నేరుగా కూర్చుని ఉంటుంది, మధ్యలో వంద కోట్ల ఏళ్లకు పైగా చరిత్ర గల్లంతు. అది అంచు మీద నుంచి కూడా కనబడుతుంది, బైనాక్యులర్స్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. పేర్లు ఇవ్వాల్సినవాళ్లు ఈ నెలాఖరులోగా నాకు చెప్పండి. పెద్దలను ఎక్కించుకోగల కారు ఉన్నవాళ్లు ఆ సంగతి కూడా రాయండి.