అక్టోబర్ సీసాలు అందరికీ ఇవ్వలేను

అందరికీ నమస్కారం. టోక్యో నిషికసాయిలో మన కువగత (జపాన్‌లో ముచ్చటగా పెంచుకునే, కొమ్ముల్లాంటి పెద్ద దవడల పురుగు) కొట్టుకు జూన్‌లో అడ్వాన్స్ కట్టిన 38 మందికి ఈ కబురు. అక్టోబర్‌లో, పెరిగే సీసాతో సహా ఓకువగత (కువగతల్లో ఒక పెద్ద రకం) పిల్ల పురుగు ఇస్తానన్నాను. అందరికీ ఇవ్వలేకపోతున్నాను. తప్పు నాదే.

ఆగస్టులో పది రోజులు అమలాపురం వెళ్ళాను. పురుగుల గదిలో ఏసీ 24 మీద పెట్టి, వేడి 27 దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాను. మెసేజ్ రాలేదు, నేనూ నిశ్చింతగా పనసకాయ కూర తింటూ కూర్చున్నాను. మా అమ్మయితే "ఏరా, కొబ్బరి మొవ్వులో కొమ్ముపురుగుని మేం చువ్వతో గుచ్చి చంపుతుంటే, నువ్వు దాని చుట్టాలకి ఏసీ పెట్టావంట?" అని వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వింది. ఆవిడ ఆ మాట అనేటప్పటికే ఇక్కడ ఏసీ ఆగిపోయి ఉంది. బ్రేకర్ పడిపోయింది. వైఫై రూటర్ కూడా అదే బ్రేకర్ మీద ఉందని తిరిగొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఇక మెసేజ్ ఎక్కడినుంచి వస్తుంది?

తలుపు తీయగానే పులిసిన కల్లు వాసన. సీసాలో ఉన్నది మట్టి అనుకుంటారు చాలామంది, కాదు. ఓక్ చెక్కపొట్టులో ఆయిస్టర్ పుట్టగొడుగు బూజు పెంచుతాం. అడవిలో పుచ్చిన మాను చేసే పని ఇక్కడ ఆ బూజు చేస్తుంది, పురుగు దాన్ని తిని ఎదుగుతుంది. బూజుకీ ప్రాణం ఉంది కాబట్టి అది తన వేడి తాను పుట్టిస్తుంది, సీసా లోపల ఎప్పుడూ గదికంటే వెచ్చగానే ఉంటుంది. గడ్డపెరుగులా తెల్లగా ఉండాల్సిన సీసాలు గోధుమరంగుకి తిరిగి, అడుగున నీళ్ళు ఊరాయి. గాలాడక పురుగులు మూత దాకా పైకి వచ్చాయి. ఒకదాని వీపు మీద, చర్మం కింద, రెండు పసుప్పచ్చ మచ్చలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అలా ఉంటే ఆడది. 112 సీసాల్లో 71 పోయాయి.

మా ఇంటి హాల్లో పెట్టిన, పురుగులు గుడ్లు పెట్టే రెండో విడత దుంగ చీలిస్తే 14 పిల్లలు దొరికాయి. ముందుగా డబ్బు కట్టిన 14 మందికి అవి. మిగతా 24 మందీ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా వచ్చే ఏడాది పిల్లల కోసం ఆగొచ్చు. ఏదైనా ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. వేడికి తట్టుకున్న 41 మాత్రం, రెక్కలొచ్చి బాగున్నాయని చూసేదాకా అమ్మను. వేలంలో కొనిచ్చి సర్దెయ్యమని ఒకాయన సలహా ఇచ్చారు. మన లేబుల్ మీద ఈ పురుగుల మూలం యమనషిలోని నిరసకి అని ఊరి పేరు రాసి ఉంటుంది. ఎక్కడిదో పురుగుని ఆ పేరుతో ఇవ్వడం నావల్ల కాదు.

ఇంకో సంగతి. మియమ కువగత అనే రకం ఇకపై అమ్మను. అందమైన పురుగే, కానీ వేడికి అస్సలు ఆగదు, పైగా రెక్కలొచ్చి బయటికొచ్చాక దాని ఆయుష్షు ఒక్క వేసవి. మనవాళ్ళం ఆఫీసుకెళ్తూ ఏసీ కట్టేస్తాం, సాయంత్రానికి పురుగు చచ్చి ఇంట్లో పిల్లల ఏడుపు. ముందే గట్టిగా చెప్పాల్సింది, అమ్మకం పోతుందని ఊరుకున్నాను. ఓకువగత అయితే మూడేళ్ళ పైనే బతకగలదు.

పెద్ద పురుగులకి పుచ్చకాయ పెట్టకండి, అంతా నీళ్ళే. పురుగుల కోసం అమ్మే జెల్లీ పెట్టండి. డబ్బాలో రెండు పుల్లలో, బెరడు ముక్కో తప్పకుండా ఉండాలి. వెల్లకిలా పడితే పట్టు దొరక్క కొట్టుకుని కొట్టుకుని అలసిపోయి చస్తుంది.

ఓకువగత 80 మిల్లీమీటర్లు దాటితే కోటి యెన్లట కదా అని ఇంకా అడుగుతున్నారు. అది 1999 నాటి మాట. ఈ బూజు సీసాలొచ్చాక ఇళ్ళలో పెంచేవాళ్ళే ఆ సైజు తెస్తున్నారు.

దసరాకి పురుగుని హైదరాబాద్ తీసుకెళ్తానన్న అబ్బాయికి కూడా ఇక్కడే చెప్తున్నా: పర్మిట్ లేకుండా కుదరదు, బ్యాగులో దాచొద్దు. విసుగొస్తే పార్కులో వదలొద్దు. సుమత్రా హిరత (బయటి దేశపు కువగత రకం) లాంటివి ఇక్కడి హిరతతో కలిసి పిల్లల్ని పెడతాయి. నా దగ్గరికి తెచ్చిచ్చేయండి, డబ్బులేం అడగను.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి రూటర్‌కి వేరే లైను లాగుతాడు. ఆ రోజు కొట్టు మధ్యాహ్నం మూడు తర్వాతే తీస్తాను.