విదేశీ వ్యాపార ప్రయాణాల్లో ఇంటివాళ్ల సంగతి

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులోని ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థలో పనిచేస్తున్న నేను, వ్యాపారం నిమిత్తం చైనాకు వెళ్లివచ్చే మావంటి ఉద్యోగుల కుటుంబాలు పడే ఇబ్బందిని మీ పత్రిక ద్వారా యజమానుల దృష్టికి, ఎగుమతిదారుల సంఘాల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు చైనా పెద్ద మార్కెట్టు. అక్కడి ఫుజియాన్ రాష్ట్రంలోని షియామెన్ నగరంలో సాధారణంగా మార్చి నెలలో జరిగే రాతి ప్రదర్శనకు మన జిల్లా నుంచి వెళ్లేవారు ఉంటారు. ప్రదర్శన ముగిసినంత మాత్రాన పని తీరదు. అదే రాష్ట్రంలోని షుయిటో పట్టణంలో రాళ్లు నిల్వచేసే యార్డులకు వెళ్లి, ముందు పంపిన బ్లాకులో పగులు ఉందనో, చుక్క పలచగా ఉందనో కొనుగోలుదారు పెట్టిన పేచీని రాతి పక్కన నిలబడి తేల్చుకోవాలి, రావలసిన బాకీ గురించి మాట్లాడుకోవాలి. రాతి మీద నీళ్లు పోసి, తడి ఆరేలోపు గీత ఎక్కడుందో ఇద్దరూ చూసుకుంటే తప్ప తెగని బేరాలివి. అందుచేత ప్రయాణాలు మానాలన్నది నా ఉద్దేశం కాదు.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది దూరం కాదు, ఇంటికి మాట అందకపోవడం. చైనాలో 2017 నుంచి వాట్సాప్ పనిచేయదు. అక్కడివారు వాడే వీచాట్, 2020 జూన్ 29న మన కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. హోటల్ వైఫై ఎంత బాగున్నా దాని మీద భార్యాబిడ్డల ముఖం చూసే మామూలు దారి లేదు. మన సిమ్ కార్డుకు రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే వాట్సాప్ వస్తుంది గానీ, ఆ ఖర్చును బత్తాలో కలపని సంస్థలు ఉన్నాయి. దీనికి తోడు అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ట్యూషన్ ముగించుకుని పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరితే, అక్కడ అర్ధరాత్రి. అంతకు ముందు మనకు తీరిక ఉండదు, ఎందుకంటే ధర తేలేది చాలాసార్లు కొనుగోలుదారు పెట్టే రాత్రి భోజనం దగ్గరే.

ఇంకొక సంగతి బయటికి చిన్నదిగా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, గ్యాస్ కనెక్షన్ అన్నిటికీ ఇంటాయన ఫోన్ నంబరే ఇచ్చి ఉంటారు. గుమ్మం ముందు సిలిండర్ దించిన కుర్రవాడు కోడ్ నంబరు అడుగుతాడు, అది వేరే దేశంలో ఉన్న మనిషి ఫోనుకు వస్తుంది. గ్యాస్ అయితే మర్నాటికి వాయిదా వేయవచ్చు. మా నాన్నగారికి ఒక రాత్రి ఉన్నట్టుండి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, "ఏమండీ, మామయ్యగారికి ఆక్సిజన్ పెట్టారు, బీమా వాళ్ల ఓటీపీ మీకే వచ్చిందట, చూసి చెప్పండి" అని నా భార్య పెట్టిన సందేశం నా కంటబడేసరికి గంటలు గడిచిపోయాయి. అప్పటికి ఆమె పుట్టింటివారి దగ్గర డబ్బు తెప్పించి కట్టేసింది. నాన్నగారు కోలుకున్నారు. ఆ రాత్రి నేను ఇక్కడ ఉంటే నాన్నగారి జబ్బు తగ్గి ఉండేదని కాదు, ఆమె ఒక్కతే కౌంటరు ముందు అన్ని గంటలు నిలబడవలసి వచ్చేది కాదు. చైనా నుంచి బయలుదేరినా ఒంగోలు చేరడానికి ఒక రోజు పైనే పడుతుందని ఆమెకు తెలుసు కనుక, రమ్మని కూడా అడగలేదు.

కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఏళ్ల తరబడి ఇంటి మొహం చూడని కార్మికుల కష్టం ముందు మాది ఎంతమాత్రం నిలవదు. అయితే మమ్మల్ని పంపేది ఇక్కడి సంస్థలే, తేదీలు నిర్ణయించేదీ ఇక్కడివారే. అందువల్ల మా ఇబ్బందికి పరిష్కారం కూడా ఇక్కడే ఉంది.

ప్రయాణం ఖాయమయ్యాక కనీసం ఒక పూట సెలవు ఇస్తే, బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో భార్య నంబరు నమోదు చేయించి, బీమా కాగితాలు ఆమె చేతికిచ్చి వెళ్లవచ్చు. రోమింగ్ ఖర్చును విమాన టికెట్టుతో సమానంగా సంస్థే భరించాలి. అర్ధరాత్రి పిలిచినా ఇంటికి రాగల ఒక ఉద్యోగి పేరు, నంబరు కుటుంబానికి ముందే ఇవ్వాలి, ఆ బాధ్యత నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఉండాలి. షియామెన్ ప్రదర్శన తేదీలను మనం మార్చలేము, కానీ మార్చి మధ్యలో మొదలయ్యే పదో తరగతి పరీక్షలు రాసే బిడ్డ ఉన్న ఉద్యోగికి బదులు ఆ ఏడాదికి మరొకరిని పంపడం ఏ సంస్థకూ భారం కాదు. ఎగుమతిదారుల సంఘాలు ఈ నాలుగు విషయాలను తమ సభ్య సంస్థలకు ఒక సర్క్యులర్‌గా పంపాలని, రాబోయే మార్చి ప్రయాణాలకు ముందే ఆ పని జరగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థ ఉద్యోగి,
ఒంగోలు.